కొట్టేసిన చెట్టు లాన్‌లో మళ్లీ మొలవకుండా ఏం చేయాలి?

చెట్టు కొట్టించి, కొమ్మలు ఎత్తించి, మొదలు దగ్గర నేల చదును చేయించాక ఇక పని అయిపోయిందనుకుంటాం. కొన్ని వారాలకే మోడు చుట్టూ లేత చిగుళ్లు గుత్తులు గుత్తులుగా లేస్తాయి. ఆ తర్వాత మోడుకి నాలుగైదు అడుగుల అవతల, పచ్చగడ్డి మధ్యలోంచి, ఎవరూ నాటని మొక్కలు బారులు తీరి బయటికొస్తాయి. లాన్ మూవర్ తిప్పితే తెగుతాయి. కొద్దిరోజుల్లోనే ఒకటి ఉన్నచోట మూడు కనిపిస్తాయి.

ఎందుకంటే ఆ చెట్టు చావలేదు. మనం తీసేసింది పైన కనిపించే భాగాన్నే. వేళ్లన్నీ నేలలోనే ఉన్నాయి, వాటి నిండా పిండి పదార్థం నిల్వ ఉంది. గాదెలో గింజలున్నంతకాలం ఇల్లు గడిచినట్టు, ఆ నిల్వ ఉన్నంతకాలం వేరు కొత్త చిగురు తొడుగుతూనే ఉంటుంది. చిగురు విచ్చుకుని ఆకైతే, ఆ ఆకు ఎండలో ఆహారం తయారుచేసి మళ్లీ వేరుకే పంపుతుంది. అందుకే మీరు చేయాల్సింది రెండే రెండు పనుల్లో ఒకటి: ఆ నిల్వ అడుగంటే దాకా ఆకు నిలవనివ్వకపోవడం, లేదా వేరు దాకా మొక్కను చంపే మందు చేరేలా చూడటం. వేళ్లనే మొత్తం తవ్వి తీసేయగలిగితే మంచిదే కానీ, పెద్ద చెట్టు విషయంలో అది లాన్ అంతా తిరగేయడమే అవుతుంది.

ముందు ఒక పిలకను తవ్వి చూడండి

మందు డబ్బా తెరవకముందు, గడ్డపార పట్టుకోకముందు ఈ పని చేయండి. లాన్‌లో లేచిన ఒక మొక్క చుట్టూ నాలుగైదు అంగుళాల లోతున మట్టి తీసి, అది దేన్నుంచి పుట్టిందో చూడండి. ఏం చేయాలన్నది దాన్నిబట్టే తేలుతుంది.

నిట్టనిలువుగా దిగిన సొంత తల్లివేరుతో మొక్క మొత్తం ఊడివస్తే అది గింజ మొక్క. చెట్టు బతికున్నప్పుడు రాల్చిన విత్తనాలు వాన పడ్డప్పుడల్లా మొలుస్తుంటాయి. వీటికి ఏ మందూ అక్కర్లేదు. చేత్తో పీకేయండి, లేదా మామూలుగా గడ్డి కోసేటప్పుడు కోసేయండి. లేత మొక్కకు నిల్వ ఉండదు కాబట్టి నాలుగు కోతలకు చచ్చిపోతుంది.

మోడు అంచున, బెరడుకీ చెక్కకీ మధ్య నుంచి గానీ, మొదలు నేలను తాకే చోటు నుంచి గానీ వస్తే అవి మోడు చిగుళ్లు. బెరడు కింద నిద్రాణంగా ఉన్న మొగ్గలు, పై కొమ్మలు పోగానే మేల్కొంటాయి. యూకలిప్టస్, సుబాబుల్, టేకు, మునగ, సర్కారు తుమ్మ ఈ విషయంలో మహా మొండివి. యూకలిప్టస్, సుబాబుల్ తోటల్ని ఒకసారి నాటి పలుమార్లు కర్ర కొట్టుకోగలిగేది ఈ గుణం వల్లే. తోటలో లాభమైనదే లాన్‌లో తలనొప్పి అవుతుంది.

మట్టి తీస్తే అడ్డంగా పాకిన లావుపాటి వేరు కనిపించి, దాని మీద నుంచి మొక్క లేచి ఉంటే అది వేరు పిలక. కానుగ, సిస్సూ, ఆకాశమల్లె, చల్లటి ప్రాంతాల్లో పాప్లార్, బ్లాక్ లోకస్ట్, ఎయిలాంథస్ ఇలా వేళ్ల నుంచే పిలకలు వేస్తాయి. ఈ శక్తి ఎంతటిదంటే, అమెరికాలోని యూటాలో పాండో అని పేరు పెట్టిన ఆస్పెన్ వనం సుమారు 43 హెక్టార్లలో ఉంది, అందులోని దాదాపు 47,000 కాండాలూ జన్యుపరంగా ఒకే చెట్టు. అన్నీ ఒకే వేరు వ్యవస్థ నుంచి లేచిన పిలకలే. పిలకలు వేసే జాతి అయితే మోడును పిండి చేయించినా లాన్‌లో మొలకలు ఆగవు. ఈ సంగతి ముందే తెలిస్తే డబ్బూ శ్రమా మిగులుతాయి.

నాలుగో అవకాశం కూడా ఉంది, దీన్ని చాలామంది చూసుకోరు. ఆ వేరు కొట్టేసిన చెట్టుది కాకుండా పక్కనే బతికున్న మరో చెట్టుది కావచ్చు, ప్రహరీ అవతల పొరుగువారి చెట్టుదీ కావచ్చు. చెట్టు వేళ్లు కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతాయి. వేరు ఏ దిక్కుకు పోతోందో కొంత దూరం మట్టి తీసి చూడండి. బతికున్న చెట్టు పిలకల మీద లోపలికి పాకే మందు కొడితే ఆ చెట్టే దెబ్బతింటుంది. అలాంటి పిలకల్ని చేత్తో తీయడం తప్ప మరో దారి లేదు.

కొబ్బరి, తాటి లాంటివైతే ఈ బాధలేవీ ఉండవు. వాటి మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. చాలా పైన్ జాతులూ కొట్టాక తిరిగి చిగురించవు.

చెట్టు ఇంకా కొట్టించకపోతే

మీ అదృష్టం బాగున్నట్టే. అన్నిటికన్నా తేలిగ్గా పని జరిగే సమయం ఇదే.

కొత్త చిగుళ్లు వేసే రోజుల్లో చెట్టులో ఆహారం వేళ్ల నుంచి పైకి పోతుంది. అప్పుడు మోడుకి మందు పూస్తే పైకి ఉబికే రసం దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆకులు ముదిరాక, ఆకు రాలే కాలం దాకా ఆహారం పైనుంచి కిందికి దిగుతుంది. మందు కూడా దాంతోపాటే వేళ్లకు చేరుతుంది. కాబట్టి తొందర లేకపోతే ఆకు ముదిరే దాకా ఆగి కొట్టించండి.

వేరు పిలకలు వేసే జాతైతే వరుస మార్చాలి: ముందు మందు, తర్వాత రంపం. చెట్టు నిలబడి ఉండగానే మొదలు చుట్టూ ఎడం ఎడంగా గొడ్డలితో ఏటవాలు గాట్లు పెట్టి, ఒక్కో గాటులో లేబుల్‌పై చెప్పినంత మందు వేస్తారు. గాట్లు ఒకదానికొకటి కలవకూడదు. కలిస్తే మందు కిందికి దిగే దారే తెగిపోతుంది. ఎయిలాంథస్ విషయంలో ఇలా చేసి కనీసం 30 రోజులు ఆగి కొట్టాలి. ముందే నరికితే వేళ్లు భయంకరంగా పిలకలు వేస్తాయి. ఎండిన చెట్టు కొమ్మలు పెళుసుగా మారతాయి కాబట్టి ఇల్లో, దారో కింద ఉంటే నెలలకొద్దీ అలా వదిలేయవద్దు.

మోడుకు మందు వేయడం

మందు చల్లడానికి ముందు రెండు విషయాలు. మీరుండే చోట ఆ మందు ఎవరు వాడవచ్చో, ఎలా వాడవచ్చో నిబంధనలు ఉంటాయి. కొన్నిచోట్ల గ్లైఫోసేట్ లాంటి కలుపు మందులు శిక్షణ ఉన్నవారే వాడాలి. అవి తెలుసుకోండి. రెండోది, డబ్బా మీది లేబుల్ మొత్తం చదవండి. నేను చెప్పేదానికీ లేబుల్‌కీ తేడా వస్తే లేబుల్ మాటే వినండి. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ ఆ దరిదాపులకు రానివ్వకండి.

రంపం పట్టేముందే మందు, బ్రష్ సిద్ధంగా పక్కన పెట్టుకోండి. నేలకు వీలైనంత దగ్గరగా, సమతలంగా కోయండి. ఏటవాలుగా కోస్తే మందు జారి గడ్డిలోకి పోతుంది. కోత మీది రంపపు పొట్టు, మట్టి శుభ్రంగా ఊడ్చేయండి. గ్లైఫోసేట్ మట్టికి అతుక్కుంటే ఇక పనిచేయదు.

నీళ్లలో కలిసే గ్లైఫోసేట్ అయితే కోసిన 5 నిమిషాల్లోపే పూయాలి. ఆలస్యమైతే తెగిన నాళాలు మూసుకుపోతాయి. ఎక్కడ పూయాలన్నది ఇంకా ముఖ్యం. మోడు మధ్యలో ముదురు రంగులో కనిపించే చేవ నిర్జీవం, అక్కడ ఎంత పోసినా వృథా. ప్రాణమున్నది బెరడును ఆనుకుని ఉన్న అంచులో. ఆ అంచు చుట్టూ రెండు మూడు అంగుళాల వెడల్పున, ఎక్కడా ఖాళీ లేకుండా, తడిసేలా పూయండి. కారి కిందికి పోయేంత పోయనక్కర్లేదు. చిన్న మోడైతే పైభాగం మొత్తం పూయండి. మోడు మధ్యలో పెద్ద రంధ్రం తొలిచి మందు నింపడం చాలామంది చేస్తుంటారు. రంధ్రాలే పెట్టాలనుకుంటే అవి కూడా అంచు వెంబడే ఉండాలి.

కోసి రోజులో వారాలో గడిచిపోయి ఉంటే? మోడు మీద మరో రెండు అంగుళాల బిళ్ల కోసి, పచ్చి చెక్క బయటపడగానే పూయండి. అందుకు వీలు లేకపోతే ట్రైక్లోపిర్ అనే మందులో నూనెలో కలిపే రకం ఉంది. అది బెరడులోంచి కూడా లోపలికి ఇంకుతుంది కాబట్టి ఆరిన మోడుకైనా, అంచుతోపాటు పక్కల బెరడుకూ, పైకి తేలిన వేళ్ల మొదళ్లకూ పూయవచ్చు.

పిక్లోరామ్, ఇమాజపిర్ ఉన్న మందులు లాన్ దగ్గరికి తేవద్దని గట్టిగా చెబుతాను. అవి నేలలో చాలాకాలం ఉండి, పక్క చెట్ల వేళ్లకూ చేరతాయి. ఇంకో జాగ్రత్త: ఒకే జాతి చెట్లు పక్కపక్కనే పెరిగితే వాటి వేళ్లు నేల లోపల అతుక్కుపోయి ఉండవచ్చు. మోడుకి పూసిన మందు ఆ అతుకు గుండా బతికున్న చెట్టులోకి పోతుంది. వరుసలో ఒక చెట్టును మాత్రమే తీసేసినప్పుడు మందు మానేసి కింద చెప్పే దారి పట్టండి.

మందు వద్దనుకుంటే

ఇది నెమ్మదైన దారే కానీ నమ్మదగ్గది. మోడు చిగుళ్లు మాత్రమే వేసే జాతికి బాగా పనిచేస్తుంది. మోడు చుట్టూ మట్టి నాలుగైదు అంగుళాల లోతున తీసి, బెరడు మొత్తం ఉలితోనో గొడ్డలితోనో తెల్ల చెక్క కనిపించేదాకా ఒలిచేయండి. నిద్రలో ఉన్న మొగ్గలు చాలావరకు బెరడుతోపాటే పోతాయి. తర్వాత వెలుతురు దూరని దళసరి నల్ల పాలిథిన్ కప్పి, అంచులు మట్టిలో పూడ్చండి. పలచటి కవరైతే చిగుళ్లు చించుకుని వస్తాయి. కనీసం ఒక పెరుగుదల కాలమంతా ఉంచండి. మధ్య మధ్య తెరిచి, లోపల పాలిపోయిన చిగుళ్లు కనిపిస్తే విరిచేసి మళ్లీ కప్పండి.

గడ్డిలో లేచే పిలకలు

అసలు ఓపిక కావాల్సింది ఇక్కడే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దన్న మాట ఈ పిలకల విషయంలో అక్షరాలా నిజం. బెత్తెడు ఎత్తున్నప్పుడు రెండు వేళ్లతో ఊడివచ్చేది, మూడు నెలలు వదిలేస్తే కర్రై కూర్చుంటుంది, పైగా ఆ మూడు నెలలూ వేరుకు తిండి పెడుతుంది.

వాన పడ్డాకో నీళ్లు పెట్టాకో, నేల మెత్తగా ఉన్నప్పుడు పనికి దిగండి. పిలక మొదట్లో మట్టి తీసి, అది వేరుకు అతుక్కున్న చోటు దాకా వెళ్లి, కిందికీ పక్కకీ లాగి చీల్చేయండి. కత్తెరతో నేల మట్టానికి కోస్తే కింద మిగిలిన మొరడు నుంచి రెండు మూడు కొత్త చిగుళ్లు వస్తాయి. చీల్చినప్పుడు ఆ అతుకు దగ్గరి మొగ్గలు కూడా ఊడివస్తాయి. పని కాస్త ఎక్కువే, కానీ మళ్లీ వచ్చేవి తగ్గుతాయి. పైపైన పాకిన వేరు పట్టుకు దొరికితే గడ్డిని చాపలా పక్కకు మడిచి, వేరును ఎంత దూరం వీలైతే అంత దూరం లాగి తీసేయండి. తెగిన ముక్కల్ని మట్టిలో వదలకండి. పిలకలు వేసే జాతుల్లో చిన్న వేరు ముక్క కూడా మొక్క కాగలదు. ఇదే కారణంతో ఆ చోట రోటవేటర్ తిప్పించవద్దు. ఒక వేరును వంద ముక్కలు చేసి లాన్ అంతా నాటినట్టవుతుంది.

పెరిగే కాలంలో వారానికో, పది రోజులకో ఒకసారి లాన్ అంతా తిరిగి చూడండి. ఆకు పూర్తిగా విచ్చుకోకముందే తీసేయడం ఇందులోని కిటుకు. ప్రతి కొత్త చిగురుకూ వేరు తన నిల్వలోంచే ఖర్చు పెడుతుంది, ఆకు నిలవకపోతే తిరిగి ఏమీ రాదు. చిన్న చెట్టైతే ఒక సీజన్‌లో వేరు అలిసిపోతుంది, పెద్ద చెట్టుకు రెండు మూడేళ్లు పట్టవచ్చు. మధ్యలో ఒక్క నెల ఊరెళ్లి వదిలేసినా వేరు కొంత నిల్వ కూడబెట్టుకుంటుంది. మీరు లేనప్పుడు చూసే మనిషిని పెట్టుకోండి. క్రమం తప్పకుండా గడ్డి కోయడం కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే కోత ఎత్తు కింద రెండాకులు మిగిలే అవకాశం ఉంది. అందుకే కోతతోపాటు చేత్తో తీయడం కలిస్తే త్వరగా తెములుతుంది.

పిలకలు మరీ ఎక్కువుండి మందు వాడాలనుకుంటే, ఇందాకటికి పూర్తిగా వ్యతిరేకంగా నడవాలి. ఇక్కడ ఆకు మీకు కావాలి. మందు లోపలికి వెళ్లే దారి ఆకే కాబట్టి రెండు వారాలపాటు పిలకల్ని కోయకుండా పెరగనివ్వండి. ఆ తర్వాత మందు పెట్టి, ఆకులు వాటంతటవే వాడి ఎండేదాకా ముట్టుకోకండి. పెట్టిన మర్నాడే కోసేస్తే వేరుకు చేరాల్సిన మందు చెత్తబుట్టకు చేరుతుంది.

ఏ మందన్నది గడ్డిని బట్టి ఉంటుంది. గ్లైఫోసేట్ గడ్డినీ చంపుతుంది కాబట్టి లాన్‌లో పిచికారీ చేయవద్దు. తొడుగులు వేసుకుని స్పాంజితోనో బ్రష్‌తోనో ఒక్కో పిలక ఆకులకు తుడవండి. లేదా అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసాను పిలకపై బోర్లించి, మూతి లోంచి ఒక్క చిటికెడు స్ప్రే కొట్టండి, చుట్టుపక్కల గడ్డి మీద పడదు. 2,4-డి, ట్రైక్లోపిర్ లాంటివి వెడల్పాకు మొక్కల్ని చంపి చాలా రకాల గడ్డిని వదిలేస్తాయి. చాలా రకాలని అన్నాను, అన్నీ అని కాదు. గరిక జాతి, అంటే బెర్ముడా లాన్‌ను ట్రైక్లోపిర్ దెబ్బతీస్తుంది, సెయింట్ అగస్టీన్ గడ్డికీ అది పడదు. మీ గడ్డి పేరు లేబుల్ మీద ఉంటేనే కొట్టండి. డైకాంబా కలిసిన మందైతే పక్కనున్న మంచి చెట్ల వేళ్లకు దూరంగా ఉంచండి. గాలి వీస్తున్నప్పుడు, వాన వచ్చే సూచన ఉన్నప్పుడు ఏ మందూ కొట్టకండి.

మోడును పిండి చేయించడం

స్టంప్ గ్రైండర్‌తో మోడును నేల మట్టం కింద 6 నుంచి 12 అంగుళాల లోతు వరకు పొడి చేస్తారు. మోడు చిగుళ్లకు ఇది శాశ్వత పరిష్కారమే. వేరు పిలకల్ని మాత్రం ఆపలేదు కాబట్టి, ఆ జాతైతే మందు వేళ్లకు చేరేందుకు నెల రోజులైనా ఇచ్చాకే యంత్రాన్ని పిలవండి. ఆ నేల కింద కరెంటు తీగలు, నీటి, గ్యాస్ పైపులు ఉన్నాయేమో ముందే తేల్చుకోండి. మోడు నుంచి పాకుతూ పైకి తేలిన లావు వేళ్ల వెంట కూడా యంత్రం నడపమని అడగండి.

గుంతలో మిగిలిన పొట్టును అక్కడే వదిలి పైన మట్టి కప్పేయడం మామూలుగా జరిగే పని, అలా చేయనివ్వకండి. చెక్క పొట్టులో ప్రతి పాలు నత్రజనికీ కార్బన్ దాదాపు 400 పాళ్లు ఉంటుంది. దాన్ని కుళ్లించే సూక్ష్మజీవులకు కావాల్సింది 25, 30 పాళ్లే. ఆ లోటు పూడ్చుకోవడానికి అవి మట్టిలోని నత్రజనినంతా లాగేసుకుంటాయి. మీరు నాటిన గడ్డి పసుపెక్కి కూర్చుంటుంది. పొట్టు తీసి, ఎయిలాంథస్ లాంటి మొండి జాతి కాకపోతే మొక్కల మొదళ్లలో పరుచుకోండి.

వీటిని పోయకండి

ఉప్పు, కిరోసిన్, డీజిల్, వాడేసిన ఇంజన్ ఆయిల్, బ్లీచింగ్. వీటితో చెట్టు చస్తుందో లేదో గానీ ఆ చోట గడ్డి మాత్రం చాలాకాలం మొలవదు. ఉప్పు వానతో కదిలి పక్క మొక్కల్ని పట్టుకుంటుంది, నూనెలు భూగర్భ జలంలోకి పోతాయి. రాగి మేకులు కొట్టడం వల్ల ఏమీ కాదు. స్టంప్ రిమూవర్ పేరుతో దొరికే పొడి ఎక్కువగా పొటాషియం నైట్రేట్. అది చచ్చిన మోడు త్వరగా కుళ్లడానికి పనికొచ్చే నత్రజని ఎరువు, చంపే మందు కాదు. బతికున్న మోడులో వేసి ప్రయోజనం లేదు. పైగా అది మంటను ఎగదోసే పదార్థం, పొయ్యికీ నిప్పుకీ దూరంగా ఉంచాలి.

గడ్డి తిరిగి పట్టించడం

పొట్టు తీసిన గుంతను మట్టితో నింపి, అడుగులతో తొక్కి, నీళ్లు పెట్టి, చుట్టూ నేల కన్నా రెండు మూడు అంగుళాలు ఎత్తుగా వదలండి. కొన్ని వారాల్లో దిగుతుంది. అప్పుడు చదును చేసి గడ్డి పరచండి, లేదా గింజ చల్లండి. మందు వాడి ఉంటే ఎన్నాళ్లకు నాటవచ్చో లేబుల్‌లో ఉంటుంది.

తర్వాతి ఏళ్లలో లాన్‌లో గీత గీసినట్టు పుట్టగొడుగులు లేస్తే కంగారు పడకండి. కింద చచ్చిన వేరు కుళ్లుతోందనడానికి అది గుర్తు, వాటికి మందేమీ కొట్టనక్కర్లేదు. పిల్లలో కుక్కలో తింటాయన్న భయముంటే కనిపించినప్పుడల్లా ఏరేయండి, వండుకోవడానికి మాత్రం చూడకండి. వేరు కుళ్లి కరిగిన చోట నేల కుంగి, కాలు మడతపడే గాడులు ఏర్పడతాయి. వాటిలో జల్లించిన మట్టి అర అంగుళం చొప్పున, గడ్డి కొసలు పైకి కనిపించేలా పోసి, గడ్డి పైకి లేచాక మళ్లీ పోయండి. ఒకేసారి గాడి నిండా పోస్తే కింది గడ్డి చచ్చిపోతుంది.